కొంచెం ఉందా? కొంచెమే ఉందా?



ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ చేసిన నర్సు, పొద్దున డ్యూటీకి వచ్చే నర్సు కోసం రోగి సంగతి రాసి పెడుతుంది. ఆ కాగితం మీద 'ద పేషంట్ టుక్ ఎ లిటిల్ ఫుడ్' అని ఉంటే, రోగి కాస్త అన్నం తిన్నాడు, పరవాలేదు అని అర్థం. అదే వాక్యంలో 'ఎ' అనే ఒక్క అక్షరం జారిపోయి 'ద పేషంట్ టుక్ లిటిల్ ఫుడ్' అని ఉంటే, రోగి సరిగా తినలేదు, ఈ సంగతి చూడాలి అని అర్థం. రెండు సందర్భాల్లోనూ రోగి తిన్నది నాలుగు ముద్దలే కావచ్చు. ముద్దల లెక్క మారలేదు, వాటి మీద నర్సు ఇచ్చిన తీర్పు మారింది. మొదటి మాట చదివిన డాక్టరు నిశ్చింతగా ఉంటాడు. రెండో మాట చదివిన డాక్టరు సెలైన్ పెట్టాలా అని ఆలోచిస్తాడు.

మన కుటుంబాల్లో నర్సింగ్ చదివి గల్ఫ్ దేశాలకూ, ఇంగ్లండుకూ వెళ్ళిన పిల్లలు ఉన్నారు. వెళ్ళడానికి ఇంగ్లీషు పరీక్షలకు సిద్ధమవుతున్నవారూ ఉన్నారు. ఎక్కడికీ వెళ్ళకపోయినా, మందు సీసా మీద రాసింది చదువుకోవలసిన అమ్మానాన్నలు ప్రతి ఇంట్లోనూ ఉన్నారు. అందుచేత ఈ వారం ఇంగ్లీషులో పరిమాణాన్ని చెప్పే పదాలను తీసుకుందాం: మెనీ, మచ్, ఫ్యూ, లిటిల్, సమ్, ఎనీ, ఆల్, ఎవ్రీ. ఇవన్నీ చిన్న పదాలే. పదో తరగతి పిల్లవాడికి వీటి అర్థాలు కంఠతా వచ్చు. అయినా రాసేటప్పుడు తడబడతాడు. కారణం, ఆ పిల్లవాడు వాటిని తెలుగుతో కలుపుకోకుండా విడిగా బట్టీ పట్టడమే. నిజానికి ఈ పాఠంలో సగం మన తెలుగులోనే ఉంది.

ఎన్ని? ఎంత?

కొట్టుకు వెళ్ళి 'అరటిపళ్ళు ఎన్ని?' అంటాం. 'నూనె ఎంత?' అంటాం. 'పెళ్ళికి ఎందరు వచ్చారు?' అంటాం. ఈ మూడింటిని ఎవరూ మనకు బడిలో నేర్పలేదు. విడివిడిగా లెక్కపెట్టగలిగిన వస్తువులకు 'ఎన్ని', కొలవవలసిన వాటికి 'ఎంత', మనుషులకు 'ఎందరు'. అలాగే కొన్ని, కొంత, కొందరు. అలాగే అన్ని, అంత, అందరు.

ఇంగ్లీషువారు మనుషులకు వేరే పదం పెట్టుకోలేదు. 'ఎన్ని', 'ఎందరు' రెండూ వారికి 'హౌ మెనీ'. 'ఎంత' అనేది 'హౌ మచ్'. అంటే వారు రెండు గదులు కట్టుకున్నచోట మనం మూడు గదులు కట్టుకున్నాం. 'హౌ మెనీ బనానాస్', 'హౌ మెనీ గెస్ట్స్', 'హౌ మచ్ ఆయిల్'. మెనీ తరువాత వచ్చే మాట బహువచనంలో ఉండాలి. మచ్ తరువాత వచ్చే మాటకు బహువచనం ఉండదు.

ఈ తేడా వ్యాకరణ పండితులు పుట్టించినది కాదు. గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ తన 'కేటగిరీస్' అనే గ్రంథం 6వ అధ్యాయంలో పరిమాణాన్ని రెండు రకాలుగా విడదీశాడు. ఒకటి విడివిడిగా ఉండేది, రెండోది తెగకుండా సాగేది. సంఖ్య మొదటి రకానికి, గీత, కాలం రెండో రకానికి ఆయన ఇచ్చిన ఉదాహరణలు. మనం ఇంట్లో 'ఎన్ని', 'ఎంత' అన్నప్పుడల్లా ఈ విభజననే పాటిస్తున్నాం.

మరి పొరపాటు ఎక్కడ?

మూడు చోట్ల తెలుగు మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. ఆ మూడూ గుర్తు పెట్టుకుంటే చాలు.

మొదటిది, పాలు, నీళ్ళు. ఇవి తెలుగులో ఎప్పుడూ బహువచనాలే. 'పాలు విరిగిపోయాయి', 'నీళ్ళు వచ్చాయి' అంటాం. వీటిని మన వ్యాకరణంలో నిత్య బహువచనాలు అంటారు. చాలా ఊళ్ళలో 'బియ్యం అయిపోయాయి' అని కూడా బహువచనంలోనే అంటారు. అందువల్ల 'ఎన్ని నీళ్ళు పొయ్యాలి?' అనడం మనకు సహజం. ఆ అలవాటులో 'హౌ మెనీ వాటర్' అనేస్తాం. ఇంగ్లీషులో వాటర్, మిల్క్, రైస్ మూడూ కొలిచేవే గాని లెక్కపెట్టేవి కావు. 'హౌ మచ్ వాటర్', 'హౌ మచ్ మిల్క్', 'హౌ మచ్ రైస్' అనాలి. క్రియ కూడా ఏకవచనమే: 'ద మిల్క్ ఈజ్ హాట్'.

రెండోది, సలహాలు, వార్తలు, సామాన్లు. తెలుగులో 'నాలుగు సలహాలు చెప్పాడు', 'రెండు వార్తలు విన్నాను' అంటాం. ఇంగ్లీషులో అడ్వైస్, న్యూస్, ఇన్ఫర్మేషన్, లగేజ్, ఫర్నిచర్, హోమ్‌వర్క్ అనేవి లెక్కపెట్టే మాటలు కావు. వాటికి 'మెనీ' చేర్చకూడదు. 'అడ్వైసెస్', 'ఫర్నిచర్స్', 'లగేజెస్' అని బహువచనం చేయకూడదు. న్యూస్ అనే మాట చివర 'స్' ఉన్నా అది ఏకవచనమే: 'ద న్యూస్ ఈజ్ గుడ్'. లెక్క చెప్పక తప్పనప్పుడు 'పీస్' అనే మాట సాయం తీసుకోవాలి. 'ఎ పీస్ ఆఫ్ అడ్వైస్' అంటే ఒక సలహా. 'టూ పీసెస్ ఆఫ్ లగేజ్' అంటే రెండు సామాన్లు.

మూడోది, డబ్బు. నోట్లు లెక్కపెడతాం కనుక 'హౌ మెనీ మనీ' అని పిల్లలు రాస్తారు. లెక్కపెట్టేది రూపాయలను గాని మనీని కాదు. 'హౌ మెనీ రుపీస్', 'హౌ మచ్ మనీ'. కాలం సంగతీ ఇంతే. గంటలకు మెనీ, టైమ్‌కు మచ్. 'మెనీ టైమ్స్' అంటే ఎక్కువ సమయం అని కాదు, చాలాసార్లు అని.

కొలతకు పాత్ర కావాలి కదా! గుప్పెడు, చెంచాడు, బిందెడు, దోసెడు అంటాం. ఇంగ్లీషులో చివర 'ఫుల్' చేరుస్తారు. హ్యాండ్‌ఫుల్ అంటే గుప్పెడు, స్పూన్‌ఫుల్ అంటే చెంచాడు. ఇక్కడ తల్లులు ఒక విషయం గమనించాలి. పిల్లల సిరప్ సీసా మీద 'టీస్పూన్' అని ఉంటే 5 మిల్లీలీటర్లు, 'టేబుల్‌స్పూన్' అని ఉంటే 15 మిల్లీలీటర్లు. ఒకటి అనుకుని మరొకటి పోస్తే పిల్లవాడికి మూడింతల మందు పడుతుంది. వంటింటి చెంచాలన్నీ ఒకే సైజులో ఉండవు. సీసాతో వచ్చిన కొలత మూతనో, మందుల దుకాణంలో ఇచ్చే కొలత చెంచానో వాడండి.

ఆ చిన్న 'ఎ'

ఇప్పుడు మన ముఖ్యమైన పాఠానికి వద్దాం. లెక్కపెట్టే వాటికి 'ఫ్యూ', కొలిచే వాటికి 'లిటిల్'. ఈ రెండు పదాల ముందు 'ఎ' ఉందా లేదా అన్నదే అసలు విషయం.

తెలుగులో 'డబ్బా అడుగున కొంచెం పంచదార ఉంది' అనండి. తరువాత 'డబ్బా అడుగున కొంచెమే పంచదార ఉంది' అనండి. డబ్బా అదే, పంచదార అదే. మొదటి వాక్యం చెప్పిన ఇల్లాలు చుట్టాలకు కాఫీ పెడుతుంది. రెండో వాక్యం చెప్పిన ఇల్లాలు పిల్లవాణ్ణి కొట్టుకు పంపుతుంది. మొదటి ఆమె ఉన్నదాన్ని చూసింది, రెండో ఆమె లేనిదాన్ని చూసింది.

మనం 'కొంచెం' చివర 'ఏ' చేర్చి చెప్పే సంగతిని ఇంగ్లీషువారు ముందున్న 'ఎ' తీసేసి చెబుతారు. ఈ ఒక్క సూత్రం గుర్తుంటే చాలు:

ఎ లిటిల్ అంటే కొంచెం ఉంది. లిటిల్ అంటే కొంచెమే ఉంది.
ఎ ఫ్యూ అంటే కొన్ని ఉన్నాయి, కొందరు ఉన్నారు. ఫ్యూ అంటే కొన్నే ఉన్నాయి, కొద్దిమందే ఉన్నారు.

'హి హాజ్ ఎ ఫ్యూ ఫ్రెండ్స్ ఇన్ హైదరాబాద్' అంటే అతనికి హైదరాబాదులో స్నేహితులు కొందరున్నారు, దిగడానికి చోటు దొరుకుతుంది అని. 'హి హాజ్ ఫ్యూ ఫ్రెండ్స్ ఇన్ హైదరాబాద్' అంటే పాపం అతనికి అక్కడ చెప్పుకోదగ్గ తోడు లేదు అని. డాక్టరు 'దేర్ ఈజ్ ఎ లిటిల్ హోప్' అంటే ఆశ ఉంది, ప్రయత్నం చేద్దాం అని. 'దేర్ ఈజ్ లిటిల్ హోప్' అంటే ఆశ పెట్టుకోవద్దని మెత్తగా చెప్పడం. ఆపరేషన్ గది బయట నిలబడిన కుటుంబానికి ఈ రెండు మాటల నడుమ ఎంత దూరం ఉందో ఆలోచించండి. తెలియనప్పుడు సిగ్గుపడకుండా డాక్టరును మళ్ళీ అడగండి, తెలుగులో చెప్పమనండి. అది మీ హక్కు.

ఇక్కడ రెండు మెలికలు ఉన్నాయి. 'ఓన్లీ ఎ ఫ్యూ' అన్నప్పుడు 'ఎ' ఉన్నా అర్థం 'కొద్దిమందే'. ఓన్లీ అనే మాట మన 'ఏ' చేసే పనే చేస్తుంది. 'క్వైట్ ఎ ఫ్యూ' అంటే మాత్రం కొద్దిమంది కాదు, చాలామంది! 'క్వైట్ ఎ ఫ్యూ పీపుల్ కేమ్' అని విని 'జనం రాలేదట' అని చెప్పారో, కబురు తలకిందులవుతుంది.

చాలా, మరీ, సరిపడా

'చాలా' అనే మాటకు తెలుగులో రెండు పనులు. 'చాలామంది' అన్నప్పుడు లెక్క, 'చాలా మంచివాడు' అన్నప్పుడు గుణం. ఇంగ్లీషులో లెక్కకు మెనీ లేదా మచ్, గుణానికి 'వెరీ'. మామూలు సంభాషణలో 'ఐ హావ్ మచ్ వర్క్' అంటే కృతకంగా వినిపిస్తుంది. మచ్‌ను ఎక్కువగా ప్రశ్నల్లోనూ, 'నాట్' ఉన్న వాక్యాల్లోనూ వాడతారు. మిగతాచోట్ల 'ఎ లాట్ ఆఫ్' అంటే సరిపోతుంది. అది లెక్కకూ, కొలతకూ రెండింటికీ పనికివస్తుంది: 'ఎ లాట్ ఆఫ్ వర్క్', 'ఎ లాట్ ఆఫ్ బుక్స్'.

'టూ' అనే మాటను మనవాళ్ళు మెచ్చుకోలుగా వాడుతుంటారు. దాని అసలు అర్థం 'మరీ'. 'టూ మచ్ సాల్ట్' అంటే ఉప్పు ఎక్కువైంది అని. కూర బాగుందని చెప్పదలిస్తే 'వెరీ టేస్టీ' అనండి. సరిపడా ఉంటే 'ఎనఫ్': 'ఎనఫ్ సాల్ట్', 'ఎనఫ్ చెయిర్స్'. ఇది కూడా లెక్కకూ, కొలతకూ పనికివచ్చే మాటే.

సమ్, ఎనీ, నో

ఉన్నదని చెప్పేటప్పుడు సమ్. లేదని చెప్పేటప్పుడూ, ఉందా అని అడిగేటప్పుడూ ఎనీ. 'ఐ హావ్ సమ్ చేంజ్' అంటే నా దగ్గర కొంత చిల్లర ఉంది. 'డూ యు హావ్ ఎనీ చేంజ్?' అంటే చిల్లర ఏమైనా ఉందా? 'ఐ డోంట్ హావ్ ఎనీ చేంజ్' అంటే చిల్లర ఏమీ లేదు. అయితే ఇంటికి వచ్చినవారిని 'వుడ్ యు లైక్ సమ్ టీ?' అని అడగాలి. అది ప్రశ్నే అయినా మర్యాదకు అడుగుతున్నాం, అవునంటారనే ఆశతో అడుగుతున్నాం. అందుకే అక్కడ సమ్.

'ఏమీ లేదు', 'ఎవరూ రాలేదు' అనే వాక్యాల్ని ఇంగ్లీషులోకి మార్చేటప్పుడు జాగ్రత్త పడాలి. 'లేదు' అనే మాట ఇంగ్లీషు వాక్యంలో ఒక్కసారే రావాలి. 'నోబడీ' అన్నామంటే అందులోనే 'లేదు' ఉంది. కాబట్టి 'నోబడీ కేమ్' అంటే చాలు. 'నోబడీ డిడ్ నాట్ కమ్' అంటే రానివారు ఒక్కరూ లేరు, అంటే అందరూ వచ్చారు అని తిరగబడుతుంది. అలాగే 'ఐ హావ్ నో మనీ' అనండి, లేదా 'ఐ డోంట్ హావ్ ఎనీ మనీ' అనండి. రెండింటినీ కలపవద్దు.

అందరూ రాలేదా? ఎవరూ రాలేదా?

'ఎవ్రీ' అంటే ప్రతి. తెలుగులో 'ప్రతి ఇల్లు' అంటాం గాని 'ప్రతి ఇళ్ళు' అనం. ఇంగ్లీషులోనూ అంతే: 'ఎవ్రీ హౌస్', 'ఎవ్రీ చైల్డ్ హాజ్ ఎ బుక్'. 'ఆల్' తరువాత లెక్కపెట్టే మాట వస్తే బహువచనం: 'ఆల్ ద చిల్డ్రన్ హావ్ బుక్స్'. 'నా స్నేహితుల్లో ఒకడు' అన్నప్పుడు స్నేహితులు బహువచనమే కదా! అందుచేత 'వన్ ఆఫ్ మై ఫ్రెండ్స్' అనాలి. 'వన్ ఆఫ్ మై ఫ్రెండ్' అనకూడదు.

'అందరూ రాలేదు' అనే తెలుగు వాక్యం విన్నప్పుడు కొందరు వచ్చారని ఒకరు, ఒక్కరూ రాలేదని మరొకరు అనుకునే వీలుంది. గొంతును బట్టి మనం సరిచేసుకుంటాం. కాగితం మీద గొంతు ఉండదు. 'ఆల్ ద రిపోర్ట్స్ ఆర్ నాట్ నార్మల్' అని రాస్తే, కొన్ని రిపోర్టులు బాగులేవా, ఏదీ బాగులేదా? చదివినవారికి అనుమానం మిగులుతుంది. కొన్ని మాత్రమే బాగులేకపోతే 'నాట్ ఆల్ ద రిపోర్ట్స్ ఆర్ నార్మల్' అని రాయాలి. ఒక్కటీ బాగులేకపోతే 'నన్ ఆఫ్ ద రిపోర్ట్స్ ఈజ్ నార్మల్' అని రాయాలి. తర్కశాస్త్రం చదివేవారికి మొదట నేర్పే పాఠాల్లో ఇదొకటి. 'అన్నీ' అనే మాటను కాదంటే 'ఏదీ కాదు' అని తేలదు. 'కనీసం ఒకటి కాదు' అని మాత్రమే తేలుతుంది. ఇంట్లో పిల్లల మీద కోపం వచ్చినప్పుడు 'నువ్వు ఎప్పుడూ ఇంతే' అంటామే, అప్పుడు కూడా ఈ పాఠం గుర్తుకు వస్తే మంచిదే!

మందు చీటీ మీద

మందుల మీద కనిపించే నాలుగు మాటలు కత్తిరించి గోడకు అంటించుకోండి. 'అట్ లీస్ట్' అంటే కనీసం, తగ్గకూడదు. 'నాట్ మోర్ దన్' అంటే మించకూడదు. 'ఎవ్రీ 6 అవర్స్' అంటే ఆరు గంటలకు ఒకసారి, రోజుకు ఆరుసార్లు కాదు. 'ఎవ్రీ అదర్ డే' అంటే ప్రతిరోజూ కాదు, రోజు విడిచి రోజు. ఇంగ్లండులో అమ్మే 500 మిల్లీగ్రాముల పారాసిటమాల్ పెట్టెల మీద, పెద్దవారు 24 గంటల్లో 8 బిళ్ళలకు మించి వేసుకోకూడదని, ఒక మోతాదుకూ మరొక మోతాదుకూ నడుమ కనీసం 4 గంటలు ఉండాలని రాసి ఉంటుంది. 'మించి', 'కనీసం' అనే రెండు మాటలను తారుమారు చేసి చదివితే ఏమవుతుందో చెప్పనవసరం లేదు.

లెస్, ఫ్యూయర్

'తక్కువ' అనడానికి ఇంగ్లీషులో రెండు మాటలు. లెక్కపెట్టే వాటికి ఫ్యూయర్, కొలిచే వాటికి లెస్. 'ఫ్యూయర్ పేషంట్స్', 'లెస్ పెయిన్'. ఈ నియమం చాలా పాతదేమీ కాదు. 1770లో రాబర్ట్ బేకర్ అనే ఆయన, సంఖ్య చెప్పేటప్పుడు లెస్ కంటే ఫ్యూయర్ తనకు బాగున్నట్టు తోస్తుందని తన పుస్తకంలో రాశాడు. కాలక్రమాన ఆ అభిప్రాయమే బడుల్లో నియమమై కూర్చుంది. ఇంగ్లండు జనం మాటల్లో లెస్ రెండు చోట్లా వినిపిస్తూనే ఉంటుంది. అక్కడి టెస్కో దుకాణాల్లో, పది వస్తువులు లేక అంతకు తక్కువ కొన్నవారి వరుసకు పెట్టిన బోర్డు మీద 'లెస్' అని ఉండేది. అది తప్పని పట్టుబట్టినవారు ఉన్నారు. చివరికి 2008లో ఆ కంపెనీ రెండు మాటలనూ పక్కనపెట్టి 'అప్ టు 10 ఐటమ్స్', అంటే పది వస్తువుల వరకు అని మార్చింది. పరీక్ష రాసే మన పిల్లలు మాత్రం నియమాన్ని పాటించడమే క్షేమం. ఒక మినహాయింపు ఉంది. డబ్బు, దూరం, కాలం అంకెలతో చెప్పేటప్పుడు 'లెస్ దన్ 100 రుపీస్', 'లెస్ దన్ 5 మైల్స్' అనడమే వాడుక. అక్కడ అంకె ఉన్నా మన మనసులో ఉన్నది మొత్తం కొలత.

అభ్యాసం

ఈ వాక్యాల్లో ఏ పరిమాణ పదం వాడాలో, జవాబులు చూడకుండా పిల్లలు చెప్పాలి.

1. కుండలో నీళ్ళు ఎన్ని ఉన్నాయి?
2. మాస్టారు మాకు కొన్ని సలహాలు చెప్పారు.
3. సీసాలో మందు కొంచెమే ఉంది, ఇంకొకటి తేవాలి.
4. బస్సుకు ఇంకా కొన్ని నిమిషాలు ఉన్నాయి, టీ తాగుదాం.
5. నా దగ్గర పుస్తకాలు ఏమీ లేవు.
6. పిల్లలందరూ పాసవలేదు, ఇద్దరు తప్పారు.
7. ఈ బిళ్ళ రోజు విడిచి రోజు వేసుకోవాలి.
8. నిన్నటికంటే ఈ రోజు నొప్పి తక్కువ.

జవాబులు: 1. హౌ మచ్ వాటర్. 2. సమ్ అడ్వైస్ (అడ్వైసెస్ కాదు). 3. లిటిల్ మెడిసిన్ ('ఎ' ఉండకూడదు). 4. ఎ ఫ్యూ మినిట్స్ ('ఎ' ఉండాలి). 5. నో బుక్స్ లేదా నాట్ ఎనీ బుక్స్. 6. నాట్ ఆల్ ద చిల్డ్రన్. 7. ఎవ్రీ అదర్ డే. 8. లెస్ పెయిన్.

ఎనిమిదింటికి ఆరు వస్తే బాగా చదివినట్టే. మూడో ప్రశ్న, నాలుగో ప్రశ్న తప్పినవారు మాత్రం 'ఆ చిన్న ఎ' అనే భాగం మళ్ళీ చదవండి.

తల్లిదండ్రులకు ఒక మాట. పిల్లలకు ఇది నేర్పడానికి మీకు ఇంగ్లీషు రావలసిన అవసరం లేదు. వంట చేసేటప్పుడు, సామాన్లు సర్దేటప్పుడు తెలుగులోనే అడగండి: 'ఇది లెక్కపెట్టేదా, కొలిచేదా? కొంచెం ఉందా, కొంచెమే ఉందా? అన్నీ కాదా, ఏదీ కాదా?' ఈ మూడు ప్రశ్నలకు తెలుగులో తడుముకోకుండా జవాబు చెప్పే పిల్లవాడు ఇంగ్లీషులోనూ సరైన మాట వెతుక్కోగలడు.